దారి చూపినవాళ్ళకే చోటు లేని ఊరు

(మహిళా కార్యకర్తల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



తెలియని ఊరికి ఒంటరిగా వెళ్ళాల్సి వస్తే ఎలా తట్టుకోవాలో చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. మీలో చాలామంది మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి హైదరాబాదుకు ఒంటరిగా తిరుగుతున్నవాళ్ళే. మొదటిసారి అలా బయల్దేరినప్పుడు ఇంట్లో ఏమన్నారో మీకూ గుర్తుంది, నాకూ గుర్తుంది. "తోడెవరొస్తున్నారు?" అనే అడిగారు. ఎందుకు వెళ్తున్నావు, అక్కడ ఏం మాట్లాడతావు అని ఎవరూ అడగలేదు. ఆడమనిషి ప్రయాణం అనగానే ముందు తోడు గురించే ఆలోచిస్తారు. ఆ తోడు మగవాడే అయివుండాలని కూడా అనుకుంటారు.

నేను 2018 సెప్టెంబరులో హాంగ్‌కాంగ్ వెళ్ళాను. కడప, గోదావరి జిల్లాల నుంచి ఇంటిపనికి కువైట్ వెళ్ళే స్త్రీల మధ్య పనిచేస్తున్నాను కాబట్టి, వలస ఇంటిపని కార్మికుల సమావేశం ఒకటి అక్కడ జరుగుతుంటే పిలిచారు. పన్నెండు రోజులున్నాను. ఆ పన్నెండు రోజుల్లో నాకు తోడైనవాళ్ళ గురించే ఈ రోజు చెప్పదలచుకున్నాను. ఊళ్ళో ఎలా తిరగాలన్నది కూడా ఆ కథలోనే ఉంది.

మొదటి రాత్రి

శనివారం రాత్రి దిగాను. విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి ఎ21 అనే రెండంతస్తుల బస్సు వస్తుంది. అది నేథన్ రోడ్డు వెంట పోతుంది. జోర్డన్ స్టేషన్ దగ్గర దిగి, ముందుగా డబ్బు కట్టి మాట్లాడుకున్న ఒక లాడ్జికి వెళ్ళాలి. పాత భవనం, పదకొండో అంతస్తు. తీరా వెళ్తే నా గది ఇంకెవరికో ఇచ్చేశారు. రసీదు చూపించాను. అక్కడున్న మనిషి రసీదు చూడకుండా నన్ను ఎగాదిగా చూసి, "ఒక్కదానివేనా?" అని రెండుసార్లు అడిగాడు. ఆ చూపు మనకు కొత్తదేం కాదు. పెట్టె పట్టుకుని కిందికి దిగిపోయాను.

అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. ఆ ఊళ్ళో నాకు తెలిసిన మనుషులు ఇద్దరే. ఒకామె ఫిలిప్పీన్స్ నుంచి వచ్చి ఒక ఇంట్లో పనిచేస్తోంది. అంతకు రెండేళ్ళ ముందు కొలంబోలో ఒక సమావేశంలో కలిసింది. వాళ్ళ భాషలో అక్కను "ఆతే" అంటారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. ఆతేకు ఫోన్ చేశాను. ఒక్క నిమిషం ఏమీ మాట్లాడలేదు. తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. "చెల్లీ, నాకు ఇల్లు లేదు. నేను ఉండేది వాళ్ళ ఇంట్లో, పిల్లల గదిలో, కింద మంచం మీద. తొమ్మిది దాటితే నేను బయటికి రావడానికి లేదు. కానీ నువ్వు కదలకు. వెలుతురున్న చోట నిలబడు."

ఎదురుగా సెవెన్ ఎలెవెన్ దుకాణం ఉంది. అవి రాత్రంతా తెరిచే ఉంటాయి. అక్కడికి వెళ్ళి నిలబడ్డాను. ఆతే ఒకామెకు చెబితే, ఆమె ఇంకొకామెకు చెప్పింది. నలభై నిమిషాల్లో నాకు తెలిసిన రెండో మనిషి, అక్కడి కార్మిక సంఘం ఆఫీసులో పనిచేసే హాంగ్‌కాంగ్ అమ్మాయి, రైలెక్కి వచ్చేసింది. ఫోను మోగకుండా పెట్టుకుని నిద్రపోతుంటే, ఆ వరసలో ఎవరో ఇంటి ఫోనుకు చేసి లేపారట. నన్ను వాళ్ళింటికి తీసుకెళ్ళింది. అమ్మా కూతుళ్ళు ఉండే ఇల్లు. ఇల్లంతా కలిపి మన ఊరి వసారా అంత. ఆ వసారాలోనే నాకూ పక్క వేశారు.

ఆ రాత్రి నేను వీధిలో లేనంటే అందుకు కారణం ఆతే. ఇంత చేసిన మనిషి నన్ను తన దగ్గరికి మాత్రం పిలవలేకపోయింది, ఎందుకంటే ఆ ఊళ్ళో ఆమెకంటూ తెరవడానికి ఒక తలుపు లేదు. ఈ మాట గుర్తుంచుకోండి. మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఆదివారం బడి

మర్నాడు ఆదివారం. సెంట్రల్ స్టేషన్ దగ్గర కలుద్దామంది ఆతే. ఆ ఊళ్ళో పెద్ద బ్యాంకులు, ఖరీదైన దుకాణాలు చాలావరకు ఉండేది సెంట్రల్‌లో. ఆదివారం అక్కడ చేటర్ రోడ్డు మీద వాహనాలు ఆపేస్తారు. ఆ రోడ్డు మీద, స్టాట్యూ స్క్వేర్‌లో, హెచ్.ఎస్.బి.సి. బ్యాంకు భవనం కింద ఖాళీ జాగాలో వేలమంది స్త్రీలు కూర్చుని ఉంటారు. అట్టపెట్టెలు విప్పి కింద పరుచుకుంటారు. అన్నం తింటారు, జడలు వేసుకుంటారు, ఇంటికి పంపే సామాన్లు పెట్టెల్లో సర్దుతారు, డాన్సులు నేర్చుకుంటారు, ఉత్తరాలు రాసుకుంటారు, సంఘం మీటింగులు పెట్టుకుంటారు. వారమంతా డబ్బున్నవాళ్ళు నడిచిన రాతి నేల మీద ఆ ఒక్క రోజు ఇంటిపనివాళ్ళు చెప్పులు విప్పి కూర్చుంటారు.

అక్కడి చట్టం ప్రకారం ప్రతి ఏడు రోజుల్లో ఒకరోజు, ఏకధాటిగా 24 గంటలు సెలవు ఇవ్వాలి. చాలామందికి అది ఆదివారం. సొంత గది లేని మనిషి సెలవు రోజున ఎక్కడికి పోతుంది? అందుకే వీధిలోకి వస్తుంది. అక్కడి స్థానికులు కొందరు దాన్ని చూసి విసుక్కుంటారు. టూరిస్టులు ఫొటోలు తీసుకుంటారు. నాకు మాత్రం అది బడిలా కనిపించింది. ఆ అట్టపెట్టె మీద కూర్చునే ఆతే నాకు ఊరు నేర్పింది.

ఆమె చెప్పినవి మీకూ చెబుతాను. ఎక్కడికెళ్ళినా పనికొస్తాయి.

మొదటిది, చిరునామా మన నోటితో చెప్పకూడదు, కాగితం మీద చూపించాలి. మనం పలికేది వాళ్ళకు అర్థం కాదు, వాళ్ళు పలికేది మనకు అర్థం కాదు. అందుకే మనముండే చోటు, వెళ్ళాల్సిన చోటు, ఒక స్నేహితురాలి ఫోన్ నంబరు చీనీ లిపిలో ఒక అట్టముక్క మీద రాయించి నా జాకెట్లో పెట్టించింది. సంచీలో కాదు, సంచీ పోవచ్చు. ఫోనులో ఉందిగా అన్నాను. ఫోను చార్జింగు అయిపోదా అంది.

రెండోది, రంగులు. అక్కడ భూమి కింద నడిచే రైలు స్టేషన్లకు ఒక్కోదానికి ఒక్కో రంగు గోడలు. జోర్డన్ ఆకుపచ్చ, త్సిమ్ షా త్సుయి పసుపు, మోంగ్ కోక్ ఎరుపు. అక్షరం రాకపోయినా రంగు చూసి దిగిపోవచ్చు. దిగాక బయటికి వెళ్ళే ద్వారాలు ఎ, బి, సి, డి అని చాలా ఉంటాయి. "స్టేషన్ పేరు ఒక్కటి తెలిస్తే చాలదు, ద్వారం అక్షరం కూడా అడుగు" అంది. నేను వినలేదు. మంగళవారం మోంగ్ కోక్‌లో ఒక ద్వారం బదులు ఇంకో ద్వారం నుంచి పైకి వచ్చి గంటసేపు తిరిగాను. అప్పుడు తెలిసింది.

మూడోది, ఆక్టోపస్ కార్డు. అందులో డబ్బు వేసుకుంటే రైలు, బస్సు, ట్రాము, పడవ అన్నీ ఎక్కవచ్చు, దుకాణంలో బ్రెడ్డూ కొనుక్కోవచ్చు. చిల్లర లెక్కపెట్టుకుంటూ నడిరోడ్డు మీద నిలబడే పని ఉండదు.

నాలుగోది, ట్రాము. హాంగ్‌కాంగ్ దీవి మీద 1904 నుంచి నడుస్తోంది. వెనక తలుపులో ఎక్కి, దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర డబ్బు కట్టాలి. నెమ్మదిగా పోతుంది. "దారి తప్పితే ట్రామెక్కి పైన కూర్చో. తూర్పుకో పడమటికో పోతుంది తప్ప నిన్ను కొండెక్కించదు. ఏడుపొస్తే ఏడ్చుకో, ఊరు కనబడుతుంది" అంది. తన మొదటి సంవత్సరం ఆమె అలాగే చేసిందట.

అయిదోది, ఏ భవనంలో ఉచితంగా మరుగుదొడ్డికి పోవచ్చు, ఎక్కడ నీళ్ళు పట్టుకోవచ్చు, ఎక్కడ నీడలో కూర్చుంటే కాపలావాడు లేపడు అనేది. ఇది ఏ గైడు పుస్తకంలోనూ లేదు. ఊళ్ళో ఇల్లు లేని ఆడవాళ్ళకే ఇది తెలుస్తుంది.

మధ్యాహ్నం ట్రాములో విక్టోరియా పార్కుకు వెళ్ళాం. ఫిలిప్పీన్స్ వాళ్ళు సెంట్రల్‌లో కూర్చుంటే, ఇండోనేషియా వాళ్ళు ఎక్కువగా ఆ పార్కులో కూర్చుంటారు. అక్కడ పరిచయమైన జావా అమ్మాయిని "మ్బక్" అని పిలిచాను. వాళ్ళ భాషలో అదీ అక్కే. అక్కడి చీనీ ఇళ్ళల్లో పిల్లలు పనిచేసే ఆమెను "జేజే" అంటారు. కాంటనీస్‌లో దానర్థం కూడా అక్కే! ఆసియా అంతా అక్కలే. అక్క అని పిలిచి నేల మీద పడుకోబెట్టడం కూడా మన ఆసియాలోనే చూస్తాం.

చట్టం ఏమంటుంది

హాంగ్‌కాంగ్‌లో ఒకప్పుడు స్త్రీలు బట్టల ఫ్యాక్టరీల్లో, బొమ్మల ఫ్యాక్టరీల్లో పనిచేసేవారు. నా స్నేహితురాలి తల్లి కూడా చొక్కాలు కుట్టిన మనిషే. 1980ల నుంచి ఫ్యాక్టరీలు చైనా ప్రధాన భూభాగానికి తరలిపోయాయి. వాళ్ళ కూతుళ్ళు చదువుకుని ఆఫీసులకు వెళ్ళారు. పిల్లల్ని, ముసలివాళ్ళను ఎవరు చూడాలి? ఆ పని మగవాళ్ళు పంచుకోలేదు, ప్రభుత్వం పట్టించుకోలేదు. 1970ల నుంచి ఫిలిప్పీన్స్ స్త్రీలను, తర్వాత ఇండోనేషియా స్త్రీలను రప్పించి ఆ ఖాళీ నింపారు. 2018 చివరికి వాళ్ళ సంఖ్య 3 లక్షల 80 వేలు దాటింది.

వాళ్ళకు వేరే నిబంధనలు. ఒప్పందం ప్రకారం యజమాని ఇంట్లోనే నివసించాలి. బయట గది అద్దెకు తీసుకోవడం నేరం. 1987 నుంచి ఉన్న నిబంధన ప్రకారం ఒప్పందం ముగిసినా తెగిపోయినా రెండు వారాల్లో హాంగ్‌కాంగ్ విడిచి వెళ్ళాలి. అంటే కొట్టే యజమానిని వదిలేస్తే పని పోతుంది, పడుకునే చోటు పోతుంది, ఊరే పోతుంది. 2011లో అక్కడ అందరికీ గంటకింత అని కనీస వేతనం వచ్చింది. ఇంట్లో ఉండి పనిచేసే వీళ్ళను మాత్రం దాని నుంచి తప్పించారు. వీళ్ళకు విడిగా నెలజీతం నిర్ణయిస్తారు. నేను వెళ్ళినప్పుడు అది 4,410 హాంగ్‌కాంగ్ డాలర్లు.

వేరే పనుల మీద వచ్చిన విదేశీయులు ఏడేళ్ళు అక్కడ ఉంటే శాశ్వత నివాస హక్కు అడగవచ్చు. ఎవాంజలిన్ వయెహోస్ అనే ఫిలిప్పీన్స్ స్త్రీ 1986 నుంచి అక్కడ ఇంటిపని చేసింది. ఆ హక్కు తనకూ ఉందని కోర్టుకెక్కింది. కింది కోర్టులో గెలిచింది. కానీ 2013 మార్చిలో అక్కడి అత్యున్నత న్యాయస్థానం కాదంది. ఇంటిపనికి వచ్చినవాళ్ళు ఎన్నేళ్ళున్నా "సాధారణ నివాసులు" కారని తీర్పు చెప్పింది.

నాకు రంగులతో స్టేషన్లు నేర్పిన ఆతే అప్పటికి పంతొమ్మిదేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంది. చట్టం లెక్కలో ఆమె ఆ ఊరి మనిషి కాదు.

రెండో ఆదివారం

సమావేశాలు శుక్రవారంతో అయిపోయాయి. ఆదివారం, సెప్టెంబరు 16న, పగలంతా చేటర్ రోడ్డు మీద అందరితో గడిపి రాత్రి విమానం ఎక్కాలనుకున్నాను. ఆ రోజే మంగ్‌ఖుట్ తుఫాను వచ్చింది.

అక్కడ తుఫానుకు నంబర్ల హెచ్చరికలుంటాయి. 8వ నంబరు ఎగరేస్తే ఊరు మూతపడుతుంది. ఆ ఉదయం అన్నిటికన్నా పెద్దదైన 10వ నంబరు ఎగరేశారు. ముందురోజే నా స్నేహితురాలు, వాళ్ళమ్మ కిటికీ అద్దాలకు అడ్డంగా టేపులు అంటించారు, బక్కెట్లలో నీళ్ళు పట్టారు. విమానాలన్నీ రద్దయ్యాయి. పదిహేడో అంతస్తులో ఇల్లు. భవనం ఊగుతోంటే గ్లాసులో నీళ్ళు కదలడం కళ్ళారా చూశాను. దివిసీమ ఉప్పెన గురించి పెద్దవాళ్ళు చెబితే విన్నదాన్ని. భయమేసింది. వాళ్ళమ్మకు నా భాష రాదు, నాకు ఆమె భాష రాదు. నా చేతిలో సూప్ గిన్నె పెట్టి నా పక్కనే కూర్చుంది, అంతే.

మధ్యాహ్నం ఆతే నుంచి సందేశం వచ్చింది. మంగ్‌ఖుట్ హాంగ్‌కాంగ్‌కు రాకముందు, శనివారం, ఉత్తర ఫిలిప్పీన్స్‌ను కొట్టింది. ఆతేది ఆ వైపే, బెంగెట్ రాష్ట్రం. అక్కడి ఇతోగోన్‌లో కొండచరియ విరిగిపడి చిన్నగనుల కార్మికులు, వాళ్ళ కుటుంబాలు చాలామంది మట్టికింద కూరుకుపోయారు. ఆతే కొడుకు, చెల్లెలు ఆ చుట్టుపక్కలే ఉంటారు. శనివారం నుంచి ఫోను కలవడం లేదు.

ఆ రోజు ఆతేకు సెలవు. కానీ తుఫాను కదా, ఇంట్లోనే విశ్రాంతి తీసుకో అన్నారట. విశ్రాంతి అంటే ఏమిటో ఆమే రాసింది. కిటికీ సందుల్లోంచి కారే నీళ్ళు తుడవడం, భయపడే పిల్లల్ని ఆడించడం, మూడుపూటలా వండటం. సెలవు రోజున పని చేయించకూడదని చట్టం ఉంది. కానీ ఇల్లే పనిచోటు అయినప్పుడు సెలవెక్కడ మొదలవుతుందో ఎవరు గీత గీస్తారు? వాళ్ళ పిల్లవాడికి ఉరుము వినబడి ఏడుపొస్తే ఆమె ఎత్తుకుంది. తన పిల్లవాడు బతికున్నాడో లేడో తెలియకుండానే ఎత్తుకుంది.

చేటర్ రోడ్డు ఖాళీగా ఉండి ఉంటుంది ఆ రోజు. ఆమె ఏడవడానికి వెళ్ళే చోటు ఆ రోజు మూతపడింది.

సోమవారం ఊరంతా చెట్లు కూలి రోడ్లు మూసుకుపోయాయి. హాంగ్‌కాంగ్‌లో రెండు వందలమందికి పైగా గాయపడ్డారు కానీ ఎవరూ చనిపోలేదు. పత్రికలు అది గొప్పగా రాశాయి, నిజంగా గొప్పే. సోమవారం సాయంత్రం ఆతేకు ఫోను కలిసింది. కొడుకు, చెల్లెలు క్షేమం. చెల్లెలి పొరుగింటి వాళ్ళు మాత్రం లేరు.

బుధవారం నాకు విమానం దొరికింది. ఆతే మార్కెట్టుకు వచ్చిన వంకతో పావుగంట కలిసింది. కూరల సంచీ చేతిలోనే ఉంది. ఏం చెప్పాలో నాకు తోచలేదు. ఆమే అడిగింది, "విమానాశ్రయం బస్సు ఎక్కడ ఆగుతుందో గుర్తుందా?" అని.

మనం ఏం నేర్చుకోవాలి

ఎర్వియానా సులిస్త్యానింగ్సిహ్ అనే ఇండోనేషియా అమ్మాయి పేరు మీలో కొందరు వినే ఉంటారు. యజమానురాలు నెలల తరబడి హింసించి, 2014 జనవరిలో ఒంటి నిండా గాయాలతో విమానాశ్రయంలో వదిలేసింది. అక్కడ ఆమెను చూసి పలకరించి ఇంటిదాకా చేర్చింది అదే విమానం ఎక్కబోతున్న మరో ఇంటిపని మహిళ. ఫొటోలు బయటికి రావడం, వేలమంది వీధుల్లోకి రావడం, 2015లో ఆ యజమానురాలికి ఆరేళ్ళ జైలు పడటం అన్నీ ఆ పలకరింపుతో మొదలయ్యాయి. దారిలో కనిపించిన ఆడమనిషిని "ఏమైందమ్మా" అని అడగడం కూడా సంఘం పనే.

కాబట్టి తోడు గురించి మన ఆలోచన మారాలి. తోడంటే పక్కన నడిచే మగవాడు కాదు. ఒకరి నుంచి ఒకరికి కలిసే ఫోన్ నంబర్ల వరస మనకు తోడు. మన కువైట్ అక్కలకు కావలసింది అదే. మన దేశంలో ఇంటిపనికి ఆ దేశాలకు వెళ్ళే స్త్రీకి ముప్పై ఏళ్ళు నిండాలని నిబంధన పెట్టారు. ఆపడం వల్ల రక్షణ రాలేదు. దొంగదారి ఏజెంట్లు వచ్చారు. వెళ్ళేముందు ఆమె జాకెట్లో అరబ్బీలో రాసిన చిరునామా ముక్క, అక్కడ ఇద్దరు తెలుగు స్త్రీల నంబర్లు ఉండేలా మనం చూడగలమా? 2015లో కువైట్ చేసిన చట్టంలో వారానికొక సెలవు ఉందని ఎంతమందికి చెప్పాం?

ఇక మన ఇంటి సంగతి. ఇంటిపని కార్మికులకు గౌరవమైన పని ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్‌లో 189వ ఒప్పందం చేసింది. మన ప్రభుత్వం దానికి అనుకూలంగా ఓటేసింది కానీ ఆమోదించి సంతకం చేయలేదు. ఇళ్ళలో పనిచేసేవాళ్ళకు వారానికొక సెలవు ఇవ్వాలని చెప్పే ప్రత్యేక కేంద్ర చట్టం మనకు లేదు. హైదరాబాదు అపార్టుమెంట్లలో పనిమనుషులకు వేరే లిఫ్టు ఉంది. శ్రీకాకుళం నుంచో ఒడిశా నుంచో వచ్చిన అమ్మాయి ఆదివారం కూర్చోవడానికి మన నగరంలో ఏ చేటర్ రోడ్డు ఉంది? మనం హాంగ్‌కాంగ్‌ను తిట్టేముందు ఈ ప్రశ్న వేసుకోవాలి.

ఇంకొక మాట కూడా చెప్పాలి. నేను చూసిన హాంగ్‌కాంగ్ ఇప్పుడు అలాగే లేదు. 2020లో జాతీయ భద్రతా చట్టం వచ్చాక చాలా సంఘాలు మూతపడ్డాయి. 2021 అక్టోబరులో అక్కడి స్వతంత్ర కార్మిక సంఘాల సమాఖ్య కూడా రద్దుకు ఓటేసుకుంది. నా స్నేహితురాలు ఇప్పుడు వేరే పని చేసుకుంటోంది. నాకు ఆమె రాసే ఉత్తరాల్లో వాతావరణం గురించే ఎక్కువ ఉంటుంది. నేనూ వాతావరణం గురించే రాస్తాను. ఇద్దరికీ అర్థమవుతుంది.

ఆతే ఇంకా అక్కడే ఉంది. కొడుకు చదువు పూర్తయింది. నాకు రాయించి ఇచ్చిన అట్టముక్క ఇదిగో, నా దగ్గరే ఉంది. దీని మీద ఏం రాసుందో ఈరోజుకీ నాకు చదవడం రాదు. ఒక చిరునామా, ఒక ఫోన్ నంబరు అనుకునేదాన్ని. కిందటేడు చీనీ వచ్చిన ఒక విద్యార్థినికి చూపిస్తే చదివి చెప్పింది. చివరి వాక్యం చిరునామా కాదట. "ఈమె మా చెల్లెలు, దయచేసి ఇంటికి చేర్చండి" అని ఉందట.

ఆ ఊళ్ళో ఇల్లు లేని మనిషి నా కోసం ఆ మాట రాయించింది. మన దగ్గరికి వచ్చే స్త్రీల కోసం మన ఊళ్ళో ఆ మాట ఎవరు రాస్తారు? ఈ రోజు మధ్యాహ్నం గుంపులుగా కూర్చుని చర్చించేటప్పుడు, ఈ ప్రశ్నతో మొదలుపెడదాం.

సెలవు.